తక్కువ శక్తి లాప్‌టాప్‌లో లినక్స్: వేగంపై అతి హామీలు వద్దు

సంపాదకులకు,

ఆర్యా,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (ఉచిత భద్రతా అప్‌డేట్లు సహా) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని లాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకొమ్మనే సలహా అప్పటినుంచి మరీ ఎక్కువగా వినిపిస్తోంది. సలహా మంచిదే. దానికి తోకగా వచ్చే ‘పాత యంత్రం కొత్తదానిలా పరుగెడుతుంది’ అన్న హామీతోనే నాకు పేచీ.

విండోస్ 11 నిరాకరించిన యంత్రాలన్నీ బలహీనమైనవి కావు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే బూట్ రక్షణ సౌకర్యం ఉండాలని, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలని అది షరతు పెట్టడం వల్ల, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగవంతమైన నిల్వ) ఉన్న చక్కని లాప్‌టాప్‌లు కూడా పక్కకు పోయాయి. వాటిలో ఏ లినక్స్ వేసినా హాయిగా నడుస్తుంది, ఆ అనుభవంతోనే చాలామంది సలహాలిస్తున్నారు. నిజంగా తక్కువ శక్తి గలవి వేరు. ఇంటెల్ చవక రకాలైన ఆటమ్ లేదా పాత సెలెరాన్ ప్రాసెసర్, బోర్డుకే అతికించేసిన 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ (సాధారణంగా ఎస్‌ఎస్‌డీ కన్నా నెమ్మదైన చిప్) నిల్వ, ఇదీ వాటి సరంజామా.

ఇలాంటి వాటిలో ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో (తెరపై మెనూలు, విండోల ఏర్పాటుతో) వచ్చే లుబుంటు అనే లినక్స్ రకాన్నో, ఇంకా తేలికైన యాంటిఎక్స్‌నో వేస్తే, తెర వెలిగి ఊరకే ఉన్నప్పుడు వాడే ర్యామ్ బాగా తగ్గుతుంది. కానీ కంప్యూటర్‌ను ఊరకే ఉంచడానికి ఎవరూ తెరవరు కదా. బ్రౌజర్ తెరవగానే కథ మారుతుంది, ఎందుకంటే నేటి బ్రౌజర్లు భద్రత కోసం ఒక్కో సైట్‌ను ఒక్కో వేరు ప్రాసెస్‌గా నడుపుతాయి, ఆ బరువు విండోస్‌లో ఎంతో లినక్స్‌లోనూ ఇంచుమించు అంతే. ర్యామ్‌లోని సమాచారాన్ని కుదించి పెట్టే జీరామ్ కొంత ఊరటనిస్తుంది గానీ, ఆ కుదింపు పని మళ్లీ ప్రాసెసర్ మీదనే పడుతుంది. వీడియోలదీ ఇదే తంతు. వీపీ9, ఏవీ1 వంటి కొత్త ఫార్మాట్లను విప్పే సర్క్యూట్ పాత గ్రాఫిక్స్‌లో లేకపోతే ఆ పనీ ప్రాసెసరే చేయాలి, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినంత మాత్రాన ఆ సర్క్యూట్ పుట్టుకురాదు. లాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం వల్ల కలిగే మేలు తేలికైన డెస్క్‌టాప్ ఏర్పాటుకు మారడం వల్ల కలిగే మేలు కన్నా ఎక్కువ.

నేటి 64-బిట్ వాటికి ముందటి 32-బిట్ ప్రాసెసర్లున్న యంత్రాల సంగతి ఇంకా కష్టం. లినక్స్‌పై 32-బిట్ క్రోమ్ 2016లోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌కు 144వ వెర్షన్ ఆఖరిది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ రకంలో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. భద్రతా అప్‌డేట్ల కోసమే సిస్టమ్ మారుస్తూ, అప్‌డేట్లు అందని బ్రౌజర్‌తో ఇంటర్నెట్‌లోకి వెళితే చేసిన శ్రమకు అర్థం ఉండదు. కొన్ని ఆటమ్ లాప్‌టాప్‌లలో మరో చిక్కుంది. ప్రాసెసర్ 64-బిట్టే అయినా యంత్రాన్ని మొదలుపెట్టే యూఈఎఫ్‌ఐ సాఫ్ట్‌వేర్ మాత్రం 32-బిట్ కావడంతో చాలా లినక్స్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లు బూటే కావు, వాడేవారు పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు.

పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలనుకునేవారు దానికి కనీసం 4 జీబీ ర్యామ్ కావాలని, ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నడవవని ముందే తెలుసుకోవాలి.

ఇంత చెప్పినా, నేను మార్పిడికి వ్యతిరేకిని కాను. పత్రాలు రాసుకోవడానికి, మెయిల్ చూసుకోవడానికి, ఒకటి రెండు ట్యాబ్‌లతో సరిపెట్టుకునే వారికి అప్‌డేట్లు అందే తేలికపాటి లినక్స్ ఎంతో మేలు. ఇన్‌స్టాల్ చేయక ముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, మూత మూసి తెరిస్తే యంత్రం మేలుకోవడం, తెలుగు టైపింగ్ అన్నీ పరీక్షించుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌పై సిస్టమ్ నెమ్మదిగా నడుస్తుంది గనుక వేగాన్ని మాత్రం అక్కడ అంచనా వేయరాదు. 32 జీబీ నిల్వలో విండోస్‌నూ లినక్స్‌నూ పక్కపక్కన ఇరికించే ప్రయత్నం వృథా, ఫైళ్లను బయట భద్రపరచుకొని నిల్వను మొత్తం చెరిపి లినక్స్ ఒక్కటే వేసుకోవడమే నయం.

సాంకేతిక శీర్షికల్లో ఈ అంశంపై రాసేవారు తాము పరీక్షించిన యంత్రం ర్యామ్ ఎంత, నిల్వ ఏ రకం, ప్రాసెసర్ ఎన్ని బిట్లది అన్న మూడు వివరాలనైనా వ్యాసంతో పాటు ప్రచురించేలా చూడాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు