గానుగెద్దు ఆటలో ఏముందని అడిగావుగా

ఒరేయ్ శీనూ,

అమెరికా కార్ల రేసు నాస్కార్ గురించి చెప్తే, "ఎడమకి తిరగడం తప్ప ఏముందిరా ఆ నాస్కార్‌లో, గానుగెద్దు లాగా" అన్నావు. ఐపీఎల్ ప్రాణమైన నువ్వు ఇంకోలా అంటే ఆశ్చర్యపోవాలి. కానీ షార్లెట్‌లో కాపురం పెట్టి ఆ మాట అనకూడదు. టీముల వర్క్‌షాపులు చాలావరకు నీ చుట్టుపక్కలే, కాంకర్డ్, మూర్స్‌విల్ వైపే ఉన్నాయి.

నన్నడిగితే అసలు మజా టీములు మాట్లాడుకునే రేడియోలో ఉంది. క్రికెట్‌లో కెప్టెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బౌలర్‌తో మాట్లాడతాడు. వాళ్ళ పథకం మనకి తెలిసేది బంతి పడ్డాకే. ఇక్కడ డ్రైవరు, టీముని నడిపించే క్రూ చీఫ్, స్టాండ్ కప్పు మీద నిలబడి దారి చెప్పే స్పాటరు మాట్లాడుకునేదంతా స్కానర్ (ఆ రేడియో మాటలు పట్టే చిన్న పెట్టె) ఉన్న ఎవరైనా వినొచ్చు, తిట్లతో సహా. పోటీ టీములు కూడా వింటాయి, అదో తమాషా.

ఎక్కువగా వినపడేవి రెండు మాటలు. 'టైట్' అంటే స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగక కారు గోడ వైపు పోతోందని. 'లూజ్' అంటే వెనక చక్రాలు జారి తోక బయటికి పోతోందని. రేసు మధ్యలో టైర్లకి, పెట్రోలుకి ఆగే చోటు పిట్. అందులోకి రాగానే, చక్రాల మీద బరువు సర్దడానికి వెనక అద్దం దగ్గరున్న కంతలో రెంచి పెట్టి ఒక చుట్టు తిప్పుతారు, లేదా టైరులో గాలి ఒత్తిడి అర పౌను మారుస్తారు. కొంచెం ఎక్కువైందా, టైట్ కారు కాస్తా లూజై కూర్చుంటుంది.

దీన్ని చూడాలంటే మే నెలాఖరులో మీ ఊళ్ళో జరిగే కోకాకోలా 600కి వెళ్ళు. మైలున్నర ట్రాకు మీద 400 ల్యాపులు, అంటే చుట్లు. ఎండలో మొదలై రాత్రి ముగుస్తుంది. ట్రాకు చల్లబడేకొద్దీ పట్టు పెరిగి కార్లు టైట్ అవుతాయి. సాయంత్రానికి సరిగ్గా కుదిరిన కారు రాత్రికి మొండికేస్తుంది. అందుకే తెలివైన క్రూ చీఫ్ మార్పులకి చోటు మిగుల్చుకుంటాడు.

పిట్‌లో జాక్ వేసేవాడు ఒకడు, చక్రాలు విప్పేవాళ్ళు ఇద్దరు, టైర్లు మోసేవాడు ఒకడు, పెట్రోలు పోసేవాడు ఒకడు. నాలుగు టైర్లకి పది సెకన్లు అటూఇటూ. 2022 నుంచి చక్రానికి ఒకటే నట్టు, అంతకుముందు ఐదు. ఇప్పుడు టైర్లు మార్చడం అయిపోయినా పెట్రోలు నిండక కారు ఆగాల్సి వస్తోంది. ఇలాంటి ట్రాకులో అన్నీ ఎడమ మలుపులే కాబట్టి బరువంతా కుడి టైర్ల మీదే పడుతుంది. ఆ రెండే మార్చి ముందుకి దూకేవాడు ఉంటాడు, ఆనక నాలుగు మార్చినవాడు వచ్చి పట్టేస్తాడు. పిట్‌లో వేగానికి హద్దుంది, కానీ కార్లో స్పీడోమీటర్ ఉండదు, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూసి వేగం అంచనా వేసుకోవాలి. కాస్త మించిందా, పెనాల్టీ.

కార్లు గుంపుగా పరిగెత్తే టాలడేగా ట్రాకు మాత్రం నాకు సగమే ఇష్టం. ఒకడు తప్పు చేస్తే పాపం వెనకున్న పదిహేను మంది తుక్కవుతారు. వేరే ట్రాకుల్లో మజా చూడు: 2024లో కాన్సస్ ట్రాకులో లార్సన్ అనే డ్రైవరు, బ్యూషర్ అనే డ్రైవర్ని 0.001 సెకను తేడాతో ఓడించాడు. నాలుగు వందల మైళ్ళ పైన నడిచాక!

ఇంకోటి. మన జట్టు ఆడని రోజు మనకి సాయంత్రం ఖాళీ. ఇక్కడ ప్రతి రేసులోనూ అందరూ అదే ట్రాకు మీద ఉంటారు. నువ్వు మొదటిసారి ముందున్నవాణ్ణి కాకుండా పదిహేనో స్థానంలో ఉన్నవాణ్ణి పట్టుకో, వాడి చానెలే విను. సీటు పై వరసల్లో తీసుకో, కింద కూర్చుంటే ఎదురుగా దూసుకుపోయే కార్లే తప్ప రేసు కనపడదు. స్కానర్ అక్కడే అద్దెకిస్తారు, హెడ్‌ఫోన్ కింద చెవుల్లో ఇయర్‌ప్లగ్ కూడా పెట్టుకో. పిల్లలకి మరీ ముఖ్యం.

నీ
రాజు