తంబోలా పిలుపులో తొందర వద్దు

సంపాదకులకు,

తంబోలా అన్నా, హౌసీ అన్నా, బింగో అన్నా నలుగురు కూడిన చోట ఇట్టే మొదలుపెట్టగల ఆట. ఎనభై ఏళ్ల పెద్దావిడా, ఎనిమిదేళ్ల మనవరాలూ పక్కపక్కన కూర్చుని సరిసమానంగా ఆడగలిగే ఆటలు నిజంగా కొన్నే. అలాంటి ఆటను చాలాచోట్ల ఎవరో ఒకరి చేతిలో నంబర్ల బిళ్లలున్న సంచి పెట్టి ‘పిలిచెయ్’ అనేస్తున్నారు. సగంలోనే వాదన మొదలవుతుంది, మరుసటిసారి కొందరు రావడమే మానేస్తారు. ఆడించేవారు కాస్త శ్రద్ధ పెడితే ఇది జరగదు.

ముందు బిళ్లల సంగతి. ఆట మొదలుకాక ముందే 1 నుంచి 90 దాకా ఉన్న బిళ్లలన్నిటినీ బోర్డు మీద పేర్చి లెక్క చూసుకోవాలి. ఒక్కటి తగ్గినా ఆ నంబరున్న టికెట్లకు ఫుల్ హౌస్, అంటే టికెట్లోని నంబర్లన్నీ పూర్తవడం, ఇక రాదు. ఆ సంగతి ఆట చివరిదాకా ఎవరికీ తెలియదు కూడా. సంచి కుట్టు మూలల్లో బిళ్లలు ఇరుక్కుంటాయి, అందుకే నాలుగైదు పిలుపులకోసారి అడుగు నుంచి కలపాలి. చీటీలు వాడితే అన్నీ ఒకే కొలతలో కత్తిరించి ఒకేలా మడవాలి. తీసిన బిళ్లను పిలిచిన వెంటనే బోర్డులో దాని గడిలో పెట్టాలి. టేబుల్ మీద పక్కన పడేస్తే తర్వాత సరిచూడటానికి ఆధారం ఉండదు.

పిలవడం విషయానికొస్తే, ‘ఇరవై ఆరు’, ‘అరవై ఆరు’ దూరం నుంచి ఒకేలా వినబడతాయి. ‘ఎనభై’, ‘తొంభై’ కూడా అంతే, ముందు అక్షరాలు మింగేస్తే మిగిలేది ‘భై’ ఒక్కటే. నంబరును ఒకసారి పూర్తిగా, ఒకసారి అంకెలు విడదీసి చెప్పాలి: ‘అరవై ఆరు... ఆరు, ఆరు’. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎనిమిది సెకన్లు ఇస్తే పెద్దవాళ్లకు సరిపోతుంది. ఫోన్ యాప్‌తో పిలిపించేవారు దాని వేగాన్ని తగ్గించి, వచ్చిన నంబర్లు అందరికీ కనబడేలా తెర మీద పెట్టాలి. కొత్తవారికి వెతికే పద్ధతి కూడా ముందే చెప్పాలి. టికెట్లో తొమ్మిది నిలువు వరుసలుంటాయి. మొదటిదాంట్లో 1 నుంచి 9, రెండోదాంట్లో 10 నుంచి 19, చివరిదాంట్లో 80 నుంచి 90. 47 అని పిలిస్తే ఐదో వరుస ఒక్కటే చూస్తే చాలు.

అసలు తగాదాలన్నీ క్లెయిమ్ దగ్గరే, అంటే బహుమతి తనదని ఆడేవారు చెప్పే దగ్గరే. నియమం ప్రకారం చివరిగా పిలిచిన నంబరుతో బహుమతి పూర్తి కావాలి, తర్వాతి నంబరు పిలవక ముందే చెప్పాలి. ‘పిలవక ముందు’ అంటే ఏమిటన్నది తేల్చకపోవడం వల్లే గొడవ. బిళ్ల సంచిలోంచి బయటికొచ్చినా, నోటితో పలికేదాకా పిలిచినట్టు కాదని మొదటే ప్రకటించాలి. పెద్దవయసువారు ఎక్కువగా ఉన్నచోట ఒక పిలుపు ఆలస్యాన్ని మన్నించడం న్యాయం అని మా అభిప్రాయం. అయితే ఆ మినహాయింపు ఆట మధ్యలో పుట్టకూడదు.

క్లెయిమ్ వినబడగానే పిలుపు ఆపాలి. టికెట్ మరొకరు అందుకుని నంబర్లు పైకి చదవాలి, పిలిచేవారు బోర్డులో చూసి ఒక్కోదానికీ ‘ఉంది’ అనాలి. నంబరు మీద సన్నని అడ్డగీత చాలు, స్కెచ్ పెన్నుతో మొత్తం పూసేస్తే కింద ఏముందో చదవలేం. ‘నాలుగు మూలలు’ అనే బహుమతికి చూడాల్సింది పై వరుసలో, కింది వరుసలో మొదటి, చివరి నంబర్లు. టికెట్ అంచున ఉన్న ఖాళీ గడులతో దానికి సంబంధం లేదు, కొత్తవారు పొరబడేది ఇక్కడే. తప్పు క్లెయిమ్ బోగీ, మామూలుగా ఆ టికెట్ ఆటలోంచి పోతుంది. పిల్లలైతే ఆ ఒక్క బహుమతి వరకే తప్పించడం మంచిది. ఒకే నంబరుకు ఇద్దరు చెబితే బహుమతి ఇద్దరికీ పంచాలి. ఇంకో మాట: ‘ఫుల్ హౌస్’ అని వినబడగానే టికెట్లు చించేస్తారు. అది బోగీ అని తేలితే ఆట కొనసాగించడానికి చాలామంది చేతుల్లో టికెట్లే ఉండవు. సరిచూసేదాకా చించవద్దని గట్టిగా చెప్పాలి.

టికెట్లు ఎన్నివ్వాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఒక టికెట్లో మూడు అడ్డువరుసలు, వరుసకు ఐదు చొప్పున 15 నంబర్లు. అంటే సగటున ఆరు పిలుపులకు ఒక్కసారే గీత పడుతుంది, మిగతా ఐదింటికీ చూస్తూ కూర్చోవడమే. మనసు పక్కకు పోయేది అందుకే. ఒకే షీటుగా అచ్చయ్యే ఆరు టికెట్ల సెట్లో 1 నుంచి 90 దాకా ప్రతి నంబరూ ఒక్కసారి వస్తుంది, కాబట్టి ప్రతి పిలుపుకూ ఎక్కడో ఒకచోట గీత పడుతుంది. అలవాటైనవారికి అది బాగుంటుంది, కొత్తవారికి రెండు మూడు చాలు. ఇక 60 టికెట్లు ఆటలో ఉంటే మొదటి ఫుల్ హౌస్ 70వ పిలుపుకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. సరిచూడటంతో కలిపి ఒక ఆటకు పావుగంట పట్టవచ్చు. ఆ లెక్కన గంటకు మూడు నాలుగు ఆటలకు మించి పెట్టుకోకండి. అచ్చయిన టికెట్ల పుస్తకాలు రెండు కొంటే సీరియల్ నంబర్లు పోల్చి చూడండి, ఒకే సెట్ రెండుసార్లు వస్తే ఆ టికెట్లకు వచ్చే ప్రతి బహుమతికీ జంట క్లెయిములే.

వ్యవధి తక్కువైతే 75 నంబర్లతో ఆడే మరో రకం బింగో నయం. అడ్డంగా, నిలువుగా ఐదేసి వరుసల చదరం, మధ్య గడి ఉచితం, నంబర్లున్న గడులు 24. అడ్డంగానో, నిలువుగానో, ఐమూలగానో ఒక్క వరుస పూర్తయితే గెలుపు కాబట్టి ఆట త్వరగా తేలుతుంది.

చివరగా డబ్బు. టికెట్ల సొమ్మును పోగుచేసి గెలిచినవారికి పంచితే చాలాచోట్ల చట్టం దాన్ని జూదంగానే చూస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పందెం పెరిగేకొద్దీ క్లెయిమ్ దగ్గర గొంతులు పెరుగుతాయి, ఒక్కో బోగీ ఒక్కో వైరమవుతుంది. టికెట్ ఉచితంగా ఇచ్చి, పుస్తకమో, పూలకుండీయో బహుమతిగా పెట్టండి. పిలిచేవారు, వారి పక్కన బోర్డు చూసేవారు ఆ ఆటలో టికెట్ తీసుకోకూడదు. వారిని ఆటకొకరిగా మార్చితే ఎవరూ ఆడకుండా మిగిలిపోరు.

ఇట్లు,
తంబోలా ఆడించే కొందరు పాఠకులు