పరికరం శుద్ధికి 20 నిమిషాలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్క రోజే 34 మంది స్త్రీలకు ల్యాపరోస్కోపీ పద్ధతిలో (పొట్టకు చిన్న రంధ్రం చేసి, గొట్టంలాంటి పరికరంతో చేసేది) కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలోనే నలుగురు తల్లులు చనిపోయారు. జబ్బు చేసి వచ్చినవారు కారు వారు. ఇక పిల్లలు చాలనుకుని వచ్చిన ఆరోగ్యవంతులు. విచారణ జరిగింది, పరిహారం ప్రకటించారు, సిబ్బందిపై చర్యలూ తీసుకున్నారు. ఒక్క పూటలో అంతమందిని వరుసగా బల్ల ఎక్కించే అలవాటు గురించి మాత్రం జరగాల్సినంత చర్చ జరగలేదు. నా బాధ అదే.

ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసినదాన్ని. ల్యాపరోస్కోపును ఒకరికి వాడాక విప్పి, నెత్తుటి మరక మిగలకుండా కడిగి, తడి ఆరాక క్రిములను చంపే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు పూర్తిగా ముంచి ఉంచాలి. తీశాక క్రిములు లేని (స్టెరైల్) నీటితో మళ్లీ కడగాలి. ఒకే పరికరంతో 34 మందికి చేయాలంటే నానబెట్టడానికే 11 గంటలు దాటుతుంది. అందుకే మూడు ల్యాపరోస్కోపులున్న బృందానికి సైతం రోజుకు 30 ఆపరేషన్లే హద్దని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. వరండాలో చంటిపిల్లలు ఏడుస్తూ, పొద్దుటినుంచి పస్తున్న తల్లులు సొమ్మసిల్లుతూ ఉంటే అందరికీ తొందరే. ఆ తొందరలో ముందుగా కోత పడేది ఈ 20 నిమిషాలకే.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర జరిగిన కు.ని. శిబిరంలో ఒకే వైద్యుడు కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా స్త్రీలు మరణించారు. శిబిరాల పద్ధతికి మూడేళ్లలో స్వస్తి చెప్పాలని 2016లో సామాజిక కార్యకర్త దేవికా బిశ్వాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇబ్రహీంపట్నం ఘటన ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు జరిగింది! పురుషులకు చేసే కు.ని. ఆపరేషన్ (వేసెక్టమీ) ఇంతకన్నా ఎంతో తేలిక. అయినా మన రెండు రాష్ట్రాల్లోనూ భారమంతా ఆడవారి మీదే వేస్తున్నాం.

ఉభయ రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా విన్నపం ఇది. కు.ని. ఆపరేషన్లను ఆసుపత్రి రోజువారీ పనిలో భాగంగా కొద్దిమందికి చొప్పున చేయండి. పరికరాన్ని ద్రావణంలో వేసిన సమయం, తీసిన సమయం ప్రతి కేసు షీటులో రాయించండి. ఇంటికి పంపిన 48 గంటల్లోగా ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) వెళ్లి జ్వరం, వాంతులు, కడుపు ఉబ్బరం ఉన్నాయేమో చూడాలి. ఇబ్రహీంపట్నం విచారణలో తేలిన లోపాలను తెలుగులో ముద్రించి ప్రతి ఆపరేషన్ థియేటర్‌కూ పంపండి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, నల్గొండ