కథ లేదన్నారు సరే, ఆ మోకాలి దెబ్బ చూశారా?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో చూడదగ్గ ఫైటింగ్ సినిమాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తక్కువ ఖర్చుతో తీసిన ఆసియా చిత్రాలన్నిటినీ ‘కథలేని కొట్లాటలు’ అని ఒక్క మాటతో తీసిపారేశారు. తెనాలిలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కరాటే నేర్పుతున్నవాణ్ని, ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే 2003లో థాయిలాండ్‌లో వచ్చిన ‘ఓంగ్ బాక్’ గురించి రాస్తున్నాను.

కథ బలహీనమే, ఒప్పుకుంటాను. పల్లెటూరి గుడిలోని బుద్ధ విగ్రహం తల నరికి దొంగ బ్యాంకాక్ పట్టుకుపోతాడు. టింగ్ అనే కుర్రవాడు దాన్ని వెనక్కి తేవడానికి బయలుదేరతాడు. అంతే కథ. గొంతుకు యంత్రం ఆనించుకుని మాట్లాడే ప్రతినాయకుణ్ని చూస్తే భయం వేయదు. మత్తుమందుల పాలైన అమ్మాయి ఉపకథ అక్కడ ఎందుకుందో నాలుగోసారి చూసినా నాకు బోధపడలేదు. ఆటోల వెంటాట తెగేదాకా సాగుతుంది. పైగా మంచి దెబ్బ పడినప్పుడల్లా దాన్నే ఇంకో వైపు నుంచి మళ్లీ చూపిస్తారు. మొదట్లో విసుగు పుడుతుంది.

కాసేపటికి ఎందుకు చూపిస్తున్నారో తెలిసి ఒళ్లు జలదరిస్తుంది. తాడు లేదు, డూప్ లేడు, కంప్యూటర్ మాయ లేదు. కావాలంటే అటునుంచీ చూసుకోండి అన్నట్టు చూపిస్తారు.

బజారు సందులో టింగ్‌గా నటించిన టోనీ జా పరుగును నేను మా పిల్లలకు ఆపి ఆపి చూపిస్తాను. ముళ్లతీగ చుట్టలోంచి దూకుతాడు. మనుషులు మోసుకెళ్తున్న రెండు అద్దాల మధ్యనుంచి పల్టీ కొడతాడు. అడ్డొచ్చిన బండి కిందనుంచి, కాళ్లు రెండూ చెరోవైపు చాచి, నేలను రాసుకుంటూ జారిపోతాడు. అలా కాళ్లు చాచి కదలకుండా కూర్చోవడానికే మా దగ్గర పిల్లలకు ఏడాది పైన పడుతుంది. తొడ నరం పట్టేసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో. అతను పరుగు ఆపకుండా ఆ పని చేశాడు. మొదటిసారి చూపించినప్పుడు ఒక పిల్లవాడు తెర దగ్గరికి వచ్చి ‘మాస్టారూ, తాడు ఎక్కడ కట్టారు?’ అని వేలితో వెతికాడు.

మేము నేర్పే పోటీ కరాటేలో మోచేతికి, మోకాలికి పాయింటు లేదు. టింగ్ నేర్చిన థాయ్ పోరాట విద్యలో పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, కాళ్లు కలిపి ఎనిమిదీ ఆయుధాలే. ఆ విద్యను స్వార్థానికి వాడవద్దని గురువైన భిక్షువు చెప్పినందుకు టింగ్ చాలాసేపు చెయ్యెత్తడు. చివరికి పందేల బరిలో నిలబడాల్సి వచ్చినప్పుడు ఒక్క మోకాలి దెబ్బతో ఎదుటివాణ్ని పడగొడతాడు. క్షణంలో ముగిసిన ఆ పోరు కోసమైనా సినిమా చూడవచ్చు. నిప్పంటుకున్న కాళ్లతో తన్నే చోట మంట కూడా నిజమైనదే.

మీ వ్యాసంలో ఫైట్ మాస్టర్ల పేరు ఒక్కటీ లేకపోవడం నాకు ఇంకా బాధ కలిగించింది. ఈ పోరాటాలు కూర్చినవాడు పన్నా రిత్తిక్రై. థాయిలాండ్ ఈశాన్య పల్లెల్లో కుర్రాళ్లను పోగుచేసి, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఏళ్ల తరబడి ఫైటింగ్ సినిమాలు తీసినవాడు. ఏనుగులను సాకే కుటుంబంలో, సురిన్ ప్రాంతంలో పుట్టిన టోనీ జా చిన్నప్పుడు గుడి ఉత్సవాల్లో తెరకట్టి వేసే సినిమాలు చూసి పెరిగాడు. పన్నా సినిమా చూసి ఆయన్నే గురువుగా ఎంచుకున్నాడు. మా ఊరి తిరునాళ్లలో రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేస్తే ఇసుకలో కూర్చుని చూసి, తెల్లారి గడ్డివాముల మీదినుంచి దూకినవాణ్ని నేను. ఆ కుర్రవాడి ఆశ నాకు బాగా తెలుసు.

సినిమాలో మత్తుమందులు, రక్తపాతం ఉన్నాయి. పసిపిల్లలకు మొత్తం చూపించవద్దని తల్లిదండ్రులకు మనవి. మా తరగతిలో ఆ సందు పరుగు వరకే వేస్తాను.

పన్నా 2014 జూలై 20న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వచ్చే జూలైలో ఏదో ఒక ఆదివారం మీ అనుబంధంలో ఆయన గురించి అరపేజీ కేటాయించండి. ఆ పేజీ కత్తిరించి మా శిక్షణ షెడ్డు గోడకు అంటిస్తాను.

ఇట్లు
ఒక కరాటే శిక్షకుడు, తెనాలి