పాపా, ముందు ఆ ఊరి మాట నేర్చుకో

జమ్మలమడుగు,
ఆదివారం పొద్దున.

పాపా,

నువ్వు ట్రైనింగ్‌కు వెళ్లి నెల దాటింది. ఫోన్లో దొరికే పది నిమిషాలూ మీ అమ్మకూ జేజికే చాలవు. నా వంతు వచ్చేసరికి "ఫాలిన్ టైమయింది, వరుసలో నిలబడాలి నాయనా" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు ఒక్కదానివే కూర్చుని చదువుకో.

ఊళ్లో అందరూ "అయ్యవారి పాప మిలిటరీకి పోయింది" అంటున్నారు. మొదట్లో సరిదిద్దేవాడిని. మిలిటరీ కాదప్పా, సీఆర్‌పీఎఫ్, కేంద్ర రిజర్వు పోలీసు అని. "ఏదైతేనేం సార్, తుపాకీ ఇస్తారు కదా" అన్నాడు అంగడాయన. పేపర్లలో పారామిలిటరీ అని రాస్తారు. ప్రభుత్వం 2011 నుంచి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు అంటోంది. ఆ పేరులో పోలీసు అనే మాట ఉండటం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. సైన్యానికి ఎదురయ్యేవాడు పరాయి దేశం వాడు. నీకు ఎదురయ్యేవాడి ఇంట్లో మనకున్నట్లే రేషన్ కార్డు ఉంటుంది, ఓటరు కార్డు ఉంటుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దులు బీఎస్‌ఎఫ్ చూసుకుంటుంది, చైనా వైపు ఐటీబీపీ, నేపాల్, భూటాన్ వైపు ఎస్‌ఎస్‌బీ. విమానాశ్రయాలూ పెద్ద ఫ్యాక్టరీలూ సీఐఎస్‌ఎఫ్‌వి. దేశం లోపల ఎక్కడ గొడవ జరిగినా ముందు పిలుపు వచ్చేది మీకే. మూడు లక్షల పైచిలుకు మందితో అన్నిటికంటే పెద్ద దళం మీది.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నా ఎడమ మోచేయి పూర్తిగా చాపలేనని నీకు తెలుసు. స్కూటర్ మీద నుంచి పడ్డానని చెప్పేవాడిని. అది అబద్ధం.

2004 ఎన్నికలప్పుడు నా ఉద్యోగం పల్లెలో. నీకు ఏడాదిన్నర. ఆ ఊళ్లో రెండు వర్గాలు. ఒకరి వీధిలో ఇంకొకరు నడవరు. ఎన్నికలు వస్తే రెండు వర్గాల వాళ్లూ కలెక్టరుకు అర్జీలు పెట్టుకునేవాళ్లు. ఒకరి అర్జీలో ఇంకొకరి మీద నూరు ఫిర్యాదులు ఉండేవి గానీ, ఒక్క మాట మాత్రం రెండింట్లోనూ ఉండేది: కేంద్ర బలగాలను పంపండి. ఎందుకంటే స్టేషన్లో కానిస్టేబుల్ ఎవరి మనిషో, ఏ ఊరి అల్లుడో అందరికీ తెలుసు. బయటి నుంచి వచ్చినవాడికి ఇక్కడ కులం లేదు, చుట్టం లేదు, పొలం గట్టు తగాదా లేదు. ఆ నమ్మకం మీదే మిమ్మల్ని పిలుస్తారు.

పోలింగ్ సాయంత్రం నాటుబాంబులు పేలాయి. 144 సెక్షన్ పెట్టి ఊరి మధ్య పికెట్ వేశారు. ఏ దళం వాళ్లో రాయను, ఆ పేరుతో నాకు పని లేదు. మరుసటి రాత్రి నీకు జ్వరం కాగిపోయింది. కళ్లు తేలేస్తున్నావు. ఆర్‌ఎంపీ డాక్టరు ఇల్లు మూడు వీధుల అవతల. వెళ్లి టానిక్ తెచ్చుకుంటున్నాను. కరెంటు లేదు. "రుక్ జావ్", ఆగు అని హిందీలో కేక వినపడింది. పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఆ రెండు ముక్కలూ తెలియక కాదు. భయానికి చెవులు మూసుకుపోయి పరుగెత్తాను. లాఠీ మోచేతి మీద పడింది. సీసా కింద పడి పగిలింది.

కొట్టినవాడు చిన్న పిల్లవాడు పాపా. ఇప్పుడు నీకున్న వయసే ఉంటుంది. నా కంటే వాడే ఎక్కువ వణుకుతున్నాడు. ఇది బాంబుల ఊరు అని చెప్పి పంపి ఉంటారు. చీకట్లో ఒక మనిషి చేతిలో ఏదో పట్టుకుని పరుగెత్తుతుంటే వాడికి సీసా సీసాలాగా కనపడి ఉండదు.

వాడి వెనక నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, మీసాలు నెరిసిన హవల్దారు. టార్చి వేసి కిందికి చూశాడు. మట్టిలో గాజు పెంకులు, ఎర్రగా టానిక్. వంగి వేలితో అద్ది వాసన చూశాడు. "బుఖార్?" అన్నాడు, జ్వరమా అని. నేను బిడ్డ ఇంత ఉంటుందని చేత్తో చూపించాను. ఆయన నా కుడి చెయ్యి పట్టుకుని తెలుగులో "అన్నా, భయం లేదు" అన్నాడు. ఆ మూడు మాటలూ టీ అంగడి పిల్లవాడి దగ్గర నేర్చుకున్నాడట, తర్వాత తెలిసింది. నన్ను మళ్లీ డాక్టరు ఇంటికి తీసుకుపోయాడు. ఇంకో సీసా తీసుకునేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటిదాకా వచ్చి, బూట్లు బయట విడిచి, నీ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్లాడు.

ఆ చేతి నొప్పి నాకు చలికాలంలో ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడల్లా లాఠీ కంటే ముందు ఆ "అన్నా, భయం లేదు" అన్న మాటే గుర్తొస్తుంది. ఇద్దరి ఒంటి మీదా ఒకే యూనిఫాం. వాడు చెడ్డవాడని నేను ఏనాడూ అనుకోలేదు. వాడికి ఆ ఊరి మాట ఒక్కటీ రాదు, అంతే.

సోషల్ అయ్యవారిని కదా, చరిత్ర చెప్పకుండా ఉండలేను. మీ దళం పుట్టింది 1939 జులై 27న, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో. అప్పటి పేరు క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్. సంస్థానాల్లో జనం హక్కులు అడుగుతున్న కాలం అది. వాళ్లను అదుపులో పెట్టడానికి తెల్లవాళ్లు ఏర్పాటు చేసుకున్న దళం. స్వాతంత్ర్యం వచ్చాక పటేల్ హోంమంత్రిగా ఉండగా 1949 డిసెంబరులో చట్టం చేసి కొత్త పేరు పెట్టారు. యజమాని మారాడు. ఇప్పుడు ఆ యజమాని, ఎదురుగా నినాదాలు ఇస్తున్న మనిషే. ఆ మాట ట్రైనింగ్‌లో ఎవరు చెప్పినా చెప్పకపోయినా నేను చెప్తున్నాను. అక్టోబరు 21న మన బడి ప్రార్థనలో హాట్ స్ప్రింగ్స్ గురించి చెప్పేవాడిని, గుర్తుందా? 1959లో లడఖ్‌లో చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయారు. అందులో మీ దళం వాళ్లున్నారు. సరిహద్దు కాపలా కూడా అప్పట్లో పోలీసులే చేశారు.

ఇంకొకటి. శాంతిభద్రతలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం పని. లోపలి అల్లర్ల నుంచి రాష్ట్రాన్ని కాపాడే బాధ్యత 355వ అధికరణం కేంద్రం మీద పెట్టింది. కేంద్ర బలగాలు రాష్ట్రానికి వెళ్లేది అక్కడి పాలనా యంత్రాంగానికి సాయంగా. రాజ్యాంగంలో రాసిన మాటే అది, సాయంగా అని. మీరు ఎవరినైనా పట్టుకుంటే అక్కడి స్టేషన్‌కు అప్పగించాలి. కేసు రాసేది, దర్యాప్తు చేసేది వాళ్లు. పెళ్లింట్లో పని అందుకోవడానికి వెళ్లిన చుట్టం ఇంటి పెత్తనం చెయ్యదు కదా.

ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని బస్తర్ గురించి నువ్వే ఫోన్లో అడిగావు, అక్కడికి వేస్తే ఏం చెయ్యాలి నాయనా అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాచకుండా రెండూ చెప్తాను. 2010 ఏప్రిల్ 6న అక్కడే, అప్పటి దంతెవాడ జిల్లా తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టులు మాటు వేసి 76 మందిని చంపారు. ఒక్కరు తప్ప అందరూ మీ దళం వాళ్లే. ఆ వార్త చదివిన రోజు మీ అమ్మ ముద్ద మింగలేకపోయింది. అప్పటికి మన ఇంట్లో ఎవరూ ఆ ఉద్యోగంలో లేరు. రెండేళ్ల తర్వాత, 2012 జూన్ 28 రాత్రి, బీజాపూర్ జిల్లా సర్కేగూడలో కాల్పుల్లో 17 మంది గ్రామస్థులు చనిపోయారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడినవాళ్లమని ఊరివాళ్లు చెప్పారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, బలగాలు భయంతో కాల్చి ఉండవచ్చని విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి నివేదిక 2019లో బయటికి వచ్చింది. ఏడేళ్లు పట్టింది ఆ మాట రాయడానికి. చీకటి, భయం, అర్థం కాని భాష. నా మోచేతి దగ్గర ఉన్నవి కూడా అవే మూడు. ఆ పిల్లవాడి చేతిలో ఉన్నది లాఠీ కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

మీవాళ్లకు ఇది తెలియదని అనను. 2017లో బస్తరియా బెటాలియన్ అని ఒకటి పెట్టారు, 241వది. అక్కడి గిరిజన యువకులను, ఆడపిల్లలను తీసుకున్నారు. ఆ అడవీ ఆ భాషా పుట్టుకతో వచ్చినవాళ్లు. కానీ దేశంలోని ప్రతి ఊరికీ ఆ ఊరివాళ్లతోనే బెటాలియన్ పెట్టలేరు, పెడితే బయటివాళ్లు కావాలన్న మన రెండు వర్గాల అర్జీకి అర్థం ఉండదు. కాబట్టి బయటి నుంచి వెళ్లే నువ్వే కష్టపడాలి. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులో కూడా పెట్టారు కాబట్టే కదా నువ్వు ధైర్యంగా రాశావు. సొంత భాషలో ప్రశ్న కనపడితే ఎంత ఊరటగా ఉందో పరీక్ష హాలు నుంచి వచ్చి నువ్వే చెప్పావు. లాఠీ పట్టుకున్న మనిషి నోట సొంత భాష వినపడితే ఎదుటివాళ్లకు కూడా అట్లాగే ఉంటుంది.

పోస్టింగ్ ఎక్కడ వేసినా మొదటి రోజే ఐదారు మాటలు అడిగి రాసుకో. ఆగండి. నీళ్లు. మందు. బిడ్డ. ఎక్కడికి? భయపడొద్దు. టీ అంగడిలో అడుగు, కూరగాయలమ్మే ఆమెను అడుగు. నవ్వితే నవ్వనీ.

కమలేష్ కుమారి ఫోటో మీ బ్యారక్‌లో ఉందో లేదో. 2001 డిసెంబరు 13న పార్లమెంటు గేటు దగ్గర డ్యూటీలో ఉన్న మీ దళం కానిస్టేబుల్. చేతిలో తుపాకీ లేదు. లోపలికి వచ్చిన కారును అనుమానించి కేకలు వేసి అందరినీ హెచ్చరించింది. ఆమెను కాల్చి చంపారు. అశోకచక్ర ఇచ్చారు. ఆమె కథ చెప్తే మీ జేజి ఎంతసేపటికీ మాట్లాడలేదు. చివరికి "ఆ బిడ్డ తల్లి ఉందా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు.

డ్యూటీలు ఎక్కువై సెలవులు దొరక్కపోతే లోపల దాచుకోవద్దు. టెన్షన్ పేరుకుంటే చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. పైవాళ్లకు చెప్పు, నాకు ఫోన్ చెయ్యి. కాలేజీ గ్రౌండులో 1600 మీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలని తెల్లవారుజామున నన్ను లేపి టైం చూడమనేదానివి. ఇప్పుడు కూడా ఏ వేళకైనా లేస్తాను.

పార్శిల్ పంపుతున్నాను. పైన శనక్కాయ ఉండలు, కింద కారప్పొడి. ఉండలు జేజి చుట్టింది, నీ రూములో అందరికీ పెట్టు. పోస్టింగ్ తెలిసిన రోజు "భయపడొద్దు" అనే మాట అక్కడ ఎట్లా అంటారో కనుక్కుని నాకు చెప్పు. నా డైరీలో రాసుకుంటాను.

ఇట్లు,
మీ నాయన