ఈ వేసవిలో మా షాపులో హ్యామ్‌స్టర్లు, గినీ పిగ్‌లు అమ్మం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఏప్రిల్ మొదటి వారం నుంచి తొలకరి పడి ఎండ తగ్గేదాకా మా షాపులో హ్యామ్‌స్టర్లు గానీ గినీ పిగ్‌లు గానీ అమ్మడం లేదు. స్టాకు దొరక్క కాదు. తెచ్చేవాళ్లున్నారు, అడిగేవాళ్లు అంతకన్నా ఎక్కువ మంది ఉన్నారు. పరీక్షలైపోయాక పిల్లలకి కొనిపెట్టే సీజన్ ఇదే కాబట్టి మాకు నష్టమే. మా తమ్ముడు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా ఆపుతున్నాం. ఎందుకో, ఇంకా ఏమేం మారుతున్నాయో అన్నీ ఇక్కడే రాస్తున్నాను. రేపు కౌంటర్ దగ్గర నిలబడి వాదించుకునే పని తప్పుతుంది.

విజయవాడ ఎండ గురించి విజయవాడ వాళ్లకి నేను చెప్పేదేముంది. గినీ పిగ్ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. ఒంటి నిండా దట్టమైన బొచ్చు, చెమట పట్టదు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 28 దాటితే అవస్థ మొదలవుతుంది, అక్కడి నుంచి వడదెబ్బ ఎంతో దూరం ఉండదు. మే నెల మధ్యాహ్నం పై అంతస్తు ఇంట్లో వేడి ఎంతుంటుందో ఒక్కసారి థర్మామీటర్ పెట్టి చూడండి. ఫ్యాన్ వేశాం కదా అంటారు. ఫ్యాన్ గాలికి మనకి చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల. చెమటే పట్టని జీవికి అది వేడిగాలి కొట్టడమే. హ్యామ్‌స్టర్ సంగతీ ఇంతే. కూలర్ కూడా మన ఊళ్లో అంతంత మాత్రమే. అసలే గాలిలో తేమ ఎక్కువ, కూలర్ ఇంకాస్త పెంచుతుంది, కేజ్‌లో పరుపు చెమ్మగిల్లి ఫంగస్ పడుతుంది. ఏసీ గది ఉన్నవాళ్లకి అమ్మొచ్చు కదా అని మా తమ్ముడి వాదన. ఏసీ ఉందో లేదో నేను ఇంటికొచ్చి చూడలేను కదా. కరెంటు పోయినప్పటి సంగతి వేరే.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటి కోసం కొన్ని మాటలు. కేజ్ బాల్కనీలో, కిటికీ పక్కన, ఫ్రిజ్ వెనక పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, నేలకి దగ్గరగా పెట్టండి. గ్రానైట్ షాపుల్లో విరిగిన ముక్కలు ఊరికే ఇస్తారు, ఒకటి కడిగి లోపల పడేయండి, దాని మీదే పడుకుంటుంది. మట్టికుండ అడ్డంగా పెడితే దాక్కోవడానికి మా దగ్గరున్న ప్లాస్టిక్ ఇళ్ల కన్నా చాలా నయం, అవి లోపల ఉడుకెత్తిపోతాయి. నీళ్ల బాటిల్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి ఒక మూల పెట్టండి, కానీ రెండో వైపు ఖాళీగా వదలండి. చల్లదనం వద్దనుకుంటే అటు జరిగే వీలుండాలి. కాళ్లు బారజాపి పడి, ఆయాసపడుతూ, మూతి తడిగా చొంగ కారుతుంటే అది వడదెబ్బ. మామూలు నీళ్లతో చెవులు, పాదాలు తడపండి. ఐసు నీళ్లు పోయొద్దు, ముంచొద్దు. అలాగే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

ఇంకో మాట, గుంటూరు, ఏలూరు, ఖమ్మం నుంచి ఫోన్ చేసే వాళ్లకి. బస్సు పార్సిల్‌లో జంతువుల్ని ఏ కాలంలోనూ పంపం. "అట్టపెట్టెకి చిల్లులు పెడితే చాలు కదా అక్కా" అనేవాళ్లకి కూడా ఇదే జవాబు.

ఇక మందుల సంగతి. మా షాపులో ఇకమీదట యాంటీబయాటిక్ పొడులు, చుక్కలు, గజ్జి మందులు ఏవీ ఉండవు. ఇప్పటిదాకా పక్షులకీ చేపలకీ అని పెట్టినవి కూడా తీసేస్తున్నాం, ఎందుకంటే వాటిని తీసుకెళ్లి హ్యామ్‌స్టర్ నీళ్లలో కలిపేస్తున్నారు. దీని మీద కోపం వచ్చిన వాళ్లున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గినీ పిగ్‌లకీ హ్యామ్‌స్టర్లకీ తిన్నది అరిగేది పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా వల్లే. ఇంట్లో పిల్లల జ్వరానికి రాసిన అమాక్సిసిలిన్ సిరప్ ఉంది కదా అని రెండు చుక్కలు నోట్లో వేస్తే, ఆ మంచి బ్యాక్టీరియా చచ్చి, క్లాస్ట్రిడియం అనే చెడ్డది పెరిగి విషం చిమ్ముతుంది. మనుషులకీ కుక్కలకీ రోజూ వాడే మందే, వీటిని కొద్ది రోజుల్లో చంపేస్తుంది. పెన్సిలిన్ జాతి మందులన్నీ నోటి ద్వారా ఇస్తే ఇదే ప్రమాదం. వీటికి పనికొచ్చే యాంటీబయాటిక్‌లు వేరే ఉన్నాయి, డాక్టర్లు రాస్తారు. గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ కూడా అంతే, మంచి మందే, కానీ బరువు చూసి లెక్కగట్టాలి. 35 గ్రాముల మరుగుజ్జు హ్యామ్‌స్టర్‌కి చుక్క ఎక్కువైతే చాలు.

మరి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఫీజు జంతువు ఖరీదు కన్నా ఎక్కువ అవుతోంది అంటారు. నిజమే. దానికి నా దగ్గర తీయటి జవాబు లేదు. కొనేముందే ఆ లెక్క వేసుకోండి అని బిల్లు రాసేటప్పుడే చెప్పబోతున్నాం. కొందరు కొనకుండా వెళ్లిపోతారు, పోనివ్వండి. ఎక్కడికి వెళ్లాలి అంటే, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఊళ్లో ప్రైవేటు డాక్టర్లలో అందరూ ఇంత చిన్నవాటిని చూడరు, కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి "గినీ పిగ్ చూస్తారా" అని స్పష్టంగా అడగండి. "ఎలుక లాంటిది" అని చెప్పొద్దు, నవ్వి ఫోన్ పెట్టేస్తారు.

నన్ను అడిగితే మందుల కన్నా ముందు ఇంట్లో ఉండాల్సింది వంటింటి డిజిటల్ తూకం. ఇవి వేటాడే జంతువులకి ఆహారమయ్యే జాతి. జబ్బు పడ్డట్టు బయటికి కనిపిస్తే వేటాడేవి ముందు తననే పట్టుకుంటాయి కాబట్టి చివరిదాకా దాచిపెడతాయి. మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వారానికోసారి గిన్నెలో కూర్చోబెట్టి తూచి క్యాలెండర్ మీద రాయండి. కిలో ఉండే గినీ పిగ్ వారంలో వంద గ్రాములు తగ్గిందంటే, అది ఎంత హుషారుగా కనిపించినా ఏదో ఉంది. గినీ పిగ్ ఒక పూట తినకపోతే గమనించండి, రోజంతా తినకపోతే అది ఎమర్జెన్సీ. కడుపు ఖాళీ అయితే పేగులు కదలడం ఆగిపోతుంది, గ్యాస్ నిండుతుంది. వాంతి చేసుకునే వీలు కూడా వీటికి లేదు. "రేపు ఆదివారం కదా, సోమవారం చూద్దాం" అన్న మాట దగ్గరే చాలా పోతున్నాయి.

హ్యామ్‌స్టర్ పిల్లల్లో తోక కింద తడి గురించి కూడా ఇలాగే భయపడండి. తల్లి పాలు మానేసిన కొత్తలో, చోటు మారిన టెన్షన్‌లో, పేగులకి ఇన్‌ఫెక్షన్ పట్టుకుని నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. తోక, వెనక బొచ్చు తడిసి అంటుకుపోయి, వాసనొస్తుంది, మూలన ముడుచుకుని కూర్చుంటుంది. రెండు రోజుల్లో పోవచ్చు. అందుకే ఇంటికి తీసుకెళ్లిన మొదటి వారం దాన్ని ముట్టుకోకండి, చుట్టాలకి చూపించకండి, మా దగ్గర తిన్న గింజలే పెట్టండి. వానాకాలంలో మళ్లీ అమ్మకం మొదలయ్యాక, కొన్న వారం లోపల ఇది వస్తే డాక్టర్ ఖర్చు మాది. వెంటనే ఫోన్ చేయాలి అన్నదొక్కటే షరతు.

అలా అని ప్రతిదానికీ రాత్రి పదకొండింటికి ఫోన్ చేయకండి, మా అమ్మ నిద్ర లేస్తోంది. సిరియన్ హ్యామ్‌స్టర్‌కి రెండు తుంట్ల మీదా నల్లటి మచ్చలుంటాయి, మగవాటికి మరీ స్పష్టంగా. అవి వాసన గ్రంథులు, కణుతులు కావు. ఆడదానికి నాలుగు రోజులకోసారి తెల్లగా, చిక్కగా, తీగలా సాగే స్రావం కొద్దిగా కనిపిస్తుంది. అది చీము కాదు, దాని నెలసరి లాంటిది. రోజూ కారుతూ, దుర్వాసనతో, రక్తంతో కలిసి వస్తుంటే మాత్రం గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి. గినీ పిగ్ తన పెంటికలు తనే తింటోందని ఒకావిడ ఏడుస్తూ వచ్చారు. తినాలి, అందులో దానికి కావాల్సిన బి విటమిన్లు ఉంటాయి. మూత్రం కాస్త పాలలా తెల్లగా ఉండటం కూడా మామూలే. ఇసకలా గరగరలాడినా, ఎర్రగా వచ్చినా, పోసేటప్పుడు అరిచినా రాయి అనుకోవాలి.

తిండి విషయంలో మా షాపులో రెండు మార్పులు. మొదటిది, బస్తాలోంచి తూచి ఇచ్చే లూజు పెల్లెట్లు ఇక ఉండవు. రేటు ఎక్కువైనా తయారీ తేదీ ఉన్న ప్యాకెట్లే పెడుతున్నాం. గినీ పిగ్‌కి మనలాగే విటమిన్ సి ఒంట్లో తయారుకాదు, కిలో బరువుకి రోజూ 10 నుంచి 30 మిల్లీగ్రాములు బయటి నుంచి అందాలి. పెల్లెట్లలో కలిపిన విటమిన్ మూడు నెలలకే చాలా వరకు పోతుంది, బస్తాలో ఎప్పటిదో ఎవరికి తెలుసు? కుంటుతోంది, కాలు విరిగినట్టుంది అని తెచ్చే గినీ పిగ్‌లలో కొన్నిటికి ఉన్నది విరుపు కాదు, విటమిన్ సి లోపం. కీళ్లు వాచి, ముట్టుకుంటే అరుస్తాయి, బొచ్చు గరుకెక్కుతుంది. రోజూ ఓ క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర, అప్పుడప్పుడు జామకాయ ముక్క చాలు. నీళ్లలో కలిపే విటమిన్ సి చుక్కలు అడగొద్దు, వెలుతురుకీ వేడికీ గంటల్లో పాడైపోతాయి. అమ్మితే మాకు లాభమే, మీకే దండగ.

రెండోది గడ్డి. దిగుమతి టిమోతీ గడ్డి ధర చూసి మీరు నోరెళ్లబెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. కొనగలిగితే కొనండి, లేకపోతే వినాయకచవితికి తెచ్చుకునే గరిక ఉంది కదా, అదే. కలుపు మందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. గినీ పిగ్ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. వెనక పళ్లు పెరిగితే నాలుక మీదికి వంగి తినలేకపోతుంది. పాడి రైతులు వేసే లూసర్న్ గడ్డి పిల్లలకీ చూలుతో ఉన్నవాటికీ మంచిది. పెద్దవాటికి రోజూ వేస్తే కాల్షియం ఎక్కువై మూత్రంలో రాళ్లు వస్తాయి. వరిగడ్డి కింద పరవడానికి సరే, అదే తిండి అనుకోవద్దు. పరుపు కోసం టింబర్ డిపో నుంచి రంపపు పొట్టు తెచ్చుకునే వాళ్లు మానేయండి, ఆ సన్నటి దుమ్ముకి తుమ్ములు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. చింపిన న్యూస్‌పేపర్ మేలు.

జంట కావాలని అడిగే వాళ్లకి. సిరియన్ హ్యామ్‌స్టర్ ఒంటరిది. ఒక కేజ్‌లో రెండు పెడితే పెద్దయ్యాక ఒకటి రెండోదాన్ని చంపుతుంది, కాబట్టి ఒక్కటే ఇస్తాం. గినీ పిగ్‌కి తోడు కావాలి, అందుకే రెండు ఆడవి ఇస్తాం. మగ, ఆడ కలిపి ఇక ఇవ్వం. మగపిల్లలు మూడు వారాలకే జతకట్టడానికి తయారవుతాయి. ఆడదానికి తొలి కాన్పు ఆరేడు నెలల లోపు జరక్కపోతే కటి ఎముక బిగుసుకుపోతుంది, ఆ తర్వాత చూలు కడితే పిల్ల బయటికి రాక తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు. "పిల్లలు పెడితే మీకే అమ్ముతాం" అనే ఆఫర్లు కూడా వద్దు, మేం కొనం. కుందేలుతో కలిపి పెంచాలనుకునే వాళ్లు ఆ ఆలోచన కూడా మానుకోండి. కుందేలుని ఏమీ చేయని బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా గినీ పిగ్‌కి న్యుమోనియా తెస్తుంది.

పిల్లలున్న ఇళ్లకి ఒక జాగ్రత్త. జంతువుకి మూతి దగ్గర, చెవుల మీద గుండ్రంగా బొచ్చు ఊడి పొరలు లేస్తుంటే అది తామర కావచ్చు, మనకీ అంటుతుంది. పిల్లాడి చేతి మీద అలాంటి మచ్చ కనిపిస్తే చర్మం డాక్టర్‌కి ఇంట్లో గినీ పిగ్ ఉందని చెప్పండి. ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి.

చివరగా సెలవుల సంగతి. ఊరెళ్తూ వదిలి వెళ్లే వాళ్ల కోసం షాపు వెనకున్న ఏసీ గదిని ఈసారి పూర్తిగా బోర్డింగ్‌కే ఇస్తున్నాం, ఇన్వర్టర్ కూడా వేయించాం. చోటు తక్కువ, ముందు చెప్పిన వాళ్లకే. కేజ్, అది రోజూ తినే తిండి మీరే తేవాలి. దింపేటప్పుడు మీ ముందే తూచి రాస్తాం, తీసుకెళ్లేటప్పుడు మళ్లీ తూస్తాం. తుమ్ములు, గజ్జి, విరేచనాలు ఉన్నదాన్ని మిగతావాటి పక్కన పెట్టలేం, ముందు డాక్టర్‌కి చూపించి తీసుకురండి. మీరు ఇక్కడ లేనప్పుడు ఏదైనా అయితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి, ఎంత దాకా ఖర్చు పెట్టొచ్చో మీ సంతకంతో ఒక కాగితం రాయించుకుంటాం. ఆ కాగితం లేకుండా ఎవరి జంతువునీ ఉంచుకోం, మా మేనమామ గారిదైనా సరే.