రుబ్బే పప్పుకు అందం ఎందుకు?

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. పొయ్యి వెలిగించని వంటలు మొదలుపెట్టావని చదివి ఎంత సంతోషించానో! కానీ గింజల ఖర్చు చూస్తే మానేయాలనిపిస్తోందని చివర్లో రాశావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. మానకురా. కొనే తీరు మార్చుకుంటే చాలు.

నీ డబ్బు ఎక్కువగా పోతున్నది జీడిపప్పు మీదే. మీగడకు బదులు, పెరుగుకు బదులు, అన్నిటికీ దాన్నే రుబ్బుతున్నావు. రుబ్బడానికి డబ్ల్యూ 240 రకం ఎందుకు? ఆ అంకె ఏమిటంటే, ఒక పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్క. 240 లావు గింజ, 320 అంతకంటే చిన్నది. అంకె తగ్గేకొద్దీ ధర ఎక్కుతుంది. మా పలాసలో ఒకే బస్తా పిక్కల నుంచి పూర్తి గింజలూ బద్దలూ ముక్కలూ అన్నీ వస్తాయి. పిక్క కోసేటప్పుడో పొట్టు తీసేటప్పుడో విరిగినవే ముక్కలు. పాయసంలో తేలడానికి పూర్తి గింజ ఉంటే ముచ్చటగా ఉంటుంది, సరే. మిక్సీలోకి వెళ్ళేదానికి ముక్క చాలు. మీగడ రంగులో ఉండి, అడుగున పొడి రాలనివి ఏరుకో. ముక్కలకు గాలి తగిలే చోటు ఎక్కువ కాబట్టి త్వరగా మక్కు వాసన వస్తుంది. అందుకని ఒకేసారి ఎక్కువ కొనకు.

ఇంకో మాట కూడా నీకు తెలియాలి. కొట్లో దొరికే ‘పచ్చి’ జీడిపప్పు వేయించనిదే గానీ, వేడి తగలనిది కాదు. పిక్క పెంకులో ఒళ్ళు కాల్చే జీడి ఉంటుంది కదా, అందుకే ముందు ఆవిరి పట్టించో కాల్చో ఆ తర్వాతే పప్పు తీస్తారు. ఆపైన పొట్టు ఊడిరావడానికి మళ్ళీ వేడిగాలిలో ఆరబెడతారు. నిజంగా వేడి తగలని పప్పే కావాలంటే వేసవి మొదట్లో లేత పిక్కలు చీల్చి తీసే పచ్చి పప్పు చూసుకో. అది ఆ నాలుగు రోజుల ముచ్చటే.

అక్క అమెరికా నుంచి తెచ్చే బాదం గురించి అడిగావు. అక్కడ 2007 నుంచి కాలిఫోర్నియా బాదానికి సూక్ష్మజీవులను చంపే శుద్ధి తప్పనిసరి చేశారు, పొట్లం మీద పచ్చివని రాసి ఉన్నా సరే. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల జనం జబ్బుపడ్డాక పెట్టిన నియమం అది. కాబట్టి పచ్చి బాదం కోసమని ఆవిడ చేత అంత బరువు మోయించకు.

అక్రోటు పెంకుతో ఉన్నదే కొను. కాశ్మీరులో సెప్టెంబరు ప్రాంతంలో పంట దించుతారు, ఆ తర్వాతి నెలల్లో కొన్నది బాగుంటుంది. ఊపితే లోపల గలగలమంటే పప్పు ఎండిపోయిందని అర్థం.

ఇక వేరుశనగ. దాన్ని నువ్వు పేరుకైనా రాయలేదు! నూటికి పాతిక వంతు మాంసకృత్తులున్న గింజ, మన అనంతపురం నేలలో పండేది, జీడిపప్పు ధరలో చిన్న భాగానికే వస్తుంది. రాత్రి నానబెట్టి, పొద్దున్న పొట్టు తీసి, పచ్చికొబ్బరితో కలిపి రుబ్బి వడకడితే వచ్చే పాలు ఎంత చిక్కగా ఉంటాయో చూడు. అయితే ఇక్కడ జీడిపప్పు సూత్రం తిరగబడుతుంది: వేరుశనగలో విరిగినవీ చవకగా వచ్చే పొడీ ముట్టుకోకు. తడి తగిలిన గింజకు పట్టే ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది, నానబెట్టినా వేయించినా అది పూర్తిగా పోదు. కాయలు కొని ఇంట్లో ఒలుచుకో. పళ్ళెంలో పరిచి, ముడుచుకున్నవీ నల్లబడ్డవీ పచ్చటి బూజు ఉన్నవీ ఏరి పారెయ్. పిల్లలకు పెడుతున్నావు కాబట్టి ఈ ఒక్క విషయంలో బద్ధకించవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీకు బేగంబజారు దగ్గరే కదా. రంజాన్, దీపావళి ముందు మాత్రం వెళ్ళకు, అప్పుడు గిరాకీ ఎక్కువ. అద్దాల డబ్బాలో మెరిసేది కాకుండా బస్తాలోది చూపించమని అడుగు. ఒక గింజ కొరుకు. పుటుక్కున విరిగి, నమిలాక నాలుక మీద తీపి మిగిలితే కొనవచ్చు. పాత నూనె వాసన గానీ చేదు గానీ తగిలితే ధర ఎంత తగ్గించినా వద్దు. బేరమాడి మిగిల్చేదానికంటే తాజా సరుకుకు పెట్టేదే లాభమని నా నమ్మకం.

ఇంటికి తెచ్చాక గట్టి మూత ఉన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. బయటికి తీసిన వెంటనే మూత తీయకు, లోపల చెమ్మ పట్టేస్తుంది. చల్లదనం తగ్గేదాకా ఆగు. నానబెట్టిన గింజలను ఎండాకాలంలో గట్టు మీద వదిలేయకు, అదే పూట వాడేయ్.

పండక్కి మీ ఇంటికి వస్తున్నాను. పలాస నుంచి ముక్కలు ఎన్ని కిలోలు తేవాలో, ఫ్రిజ్‌లో ఎంత చోటుందో చెల్లెమ్మను అడిగి రాయి.

నీ
నేస్తం